కొండ మీద గాలిమరలు వస్తే పక్షుల సర్వే ఎవరిని అడగాలి?

మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. ఊరి వెనక కొండ మీద గాలి వేగం కొలిచే స్తంభం పాతారు. గాలిమరలు వస్తాయంటున్నారు. రానీండి, కరెంటు ఎవరికి చేదు? టెన్షనల్లా మా దగ్గర్లోని తేలినీలాపురానికి ఏటా వలసొచ్చే పక్షుల గురించే. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పొద్దెక్కాక వేడిగాలి పట్టుకుని, రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తాయి. మర రెక్కలు తిరిగేదీ ఆ ఎత్తులోనే కదా! పైగా కొండకి రోడ్డు కొడితే ఎలుగుబంట్లు మా జీడితోటల్లోకే దిగుతాయి.

కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం పవన విద్యుత్తుకి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. మరి అక్టోబరు నుంచి మార్చి దాకా పక్షుల సర్వే చేశాకే మరల చోటు ఖరారు చేయమని ఎవరికి అర్జీ పెట్టాలి? డీఎఫ్‌ఓకా (జిల్లా అటవీ అధికారికా), కలెక్టరుకా? గ్రామసభ తీర్మానం పనికొస్తుందా? ఇలాంటిది నడిపినవాళ్లుంటే అర్జీ నమూనా పెట్టండి, ప్లీజ్.