సమస్య: "పసి వయసున ముసలి ప్రాయ మొదవె"

నిర్వాహకుడు (పర్లాకిమిడి): ఆటవెలది. మొన్న కరెంటు పోయిన రాత్రి మహేంద్రతనయ ఒడ్డున కూర్చుంటే ఆకాశంలో వృశ్చిక రాశి తోకతో సహా కనిపించింది. సమస్య అక్కడే తట్టింది. సర్పిల (సుడి ఆకారపు) గెలాక్సీల భుజాల్లో గుంపులుగా పుట్టే భారీ నీలి నక్షత్రాల మీద పూరిస్తే సంతోషం. వేరే విషయమైనా సరే.

బరంపురం సభ్యుడు:
నీలి కాంతి తోడ నిప్పులు చెరగుచు
నున్న సొమ్ము నంత నూడ్చిపెట్టి
కొలది లక్షలేండ్లె కొలువుండు తారకు
పసి వయసున ముసలి ప్రాయ మొదవె

నిర్వాహకుడు: "సొమ్మునంత నూడ్చిపెట్టి" భేష్. బరువు పెరిగేకొద్దీ ఇంధనం దుబారా మరీ పెరుగుతుంది. అయితే లెక్క తప్పారు. అత్యంత బరువైనవి సైతం దాదాపు 30 లక్షల ఏళ్లు ఉంటాయి. "పదుల లక్షలేండ్లె బ్రతికెడి తారకు" అనండి, ప-బ యతి చెల్లుతుంది. పుట్టిన భుజం దాటి పోయేంత ఆయుష్షు వీటికి లేదు. అందుకే 1951లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త మోర్గాన్ బృందం ఈ గుంపుల ఆధారంగా పాలపుంత భుజాల జాడ పట్టింది.

రాయగడ సభ్యుడు:
అమ్మ వలస పోవ తమ్ముని నెత్తుకొని
కూడు వండి పెట్టు గుడిసెలోన
చదువు మాని నట్టి చక్కని బాలకు
పసి వయసున ముసలి ప్రాయ మొదవె

నిర్వాహకుడు: మొదటి పాదం చివర గణభంగం. "తమ్ముని మోయుచు" అంటే సరి. ప్రాసయతి బాగుంది. "చక్కని" మాత్రం యతి కోసం వచ్చిన మాట.

జయపురం సోదరి:
కలిసి పుట్టినట్టి కన్నెలందఱు వీడి
దూరదూరమునకు దొరలిపోవ
జ్యేష్ఠ యొకతె మిగిలి చెక్కిళ్లు కందఁగా
పసి వయసున ముసలి ప్రాయ మొదవె

బరంపురం సభ్యుడు: అమ్మా, ఎవరూ పోలేదే! వృశ్చికంలో జ్యేష్ఠ తార పక్కనే అనూరాధ మెరుస్తోంది.

నిర్వాహకుడు: ఆక్షేపణ సబబే, కానీ ఊహ గొప్పది. ఇలాంటి గుంపులకు సభ్యులను కట్టి ఉంచేంత ఆకర్షణ లేదనీ, క్రమంగా చెదిరిపోతాయనీ 1947లో సోవియట్ ఖగోళ శాస్త్రవేత్త అంబర్త్సుమియన్ చెప్పారు. చెదరడం ఇంకా సాగుతోంది కనుక "దొరలుచుండ" అనండి. "జ్యేష్ఠ" శ్లేష నాకు తట్టనిది. సూర్యుడికి 460 కోట్ల ఏళ్లు; జ్యేష్ఠకు కోటి పైచిలుకే, అయినా అప్పుడే ఉబ్బి ఎర్రబడింది. పేరుకే పెద్దక్క, అనూరాధది అదే కాన్పు. మరి "మిగిలి" ఎలా కుదురుతుంది? ఈ ఇద్దరిలో ముందు పేలిపోయేది జ్యేష్ఠే కదా?

జయపురం సోదరి: "దొరలుచుండ" తీసుకున్నానండీ. మూడో పాదం "జ్యేష్ఠ మాత్ర మలసి". "చెక్కిళ్లు" జోలికి మాత్రం రాకండి.