రోజూ ఆఫీసుకి ఎమ్‌జీబీ రోడ్‌స్టర్: కొనేముందు ఏమేం చూడాలి?

థేమ్స్‌గట్టు:
అందరికీ నమస్కారం. ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ (పాతకాలపు బ్రిటిష్ రెండు సీట్ల, టాప్ తీసే కారు) కొందామని చూస్తున్నా. ఎండ కాసిన ఆదివారాలకి మాత్రమే కాదు, రోజువారీ ఆఫీసుకి. ఇంగ్లండ్‌లో రెడింగ్ నుంచి న్యూబరీ, రానూపోనూ 40 మైళ్లు, ఎక్కువ భాగం ఎమ్4 మోటర్‌వే మీద. గ్యారేజీ లేదు, ఇంటి ముందు రోడ్డు మీదే పార్కింగ్. రెండు బళ్లు కంటపడ్డాయి. ఒకటి 1967 క్రోమ్ బంపర్, వైర్ చక్రాలు (సైకిల్ చక్రంలా పుల్లలున్నవి), ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజన్ నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు) లేదు. రెండోది 1978 రబ్బర్ బంపర్, ఓవర్‌డ్రైవ్ ఉంది, ధర బాగా తక్కువ. పెయింటు రెండింటికీ మెరిసిపోతోంది. ఏది తీసుకోవాలి? చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చెక్ చేయాలి?

కార్బురేటర్_కాకా:
పెయింటు పక్కన పెట్టు తమ్ముడూ, సిల్స్ చూడు. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, పైకప్పూ లేదు. బాడీ వంగకుండా పట్టి ఉంచే పని ప్రధానంగా తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే సిల్స్‌దే. అది మూడు రేకుల పెట్టె: బయటి సిల్, మధ్య రేకు, లోపలి సిల్. దాని కింద బలానికి క్యాజిల్ రైలు అనే ఇంకో రేకు. నీళ్లు లోపల నిలిచి లోపల్నుంచే తింటాయి. బయటి రేకు మీద బుడగ కనపడేసరికి మధ్య రేకు సగం పోయి ఉంటుంది.

తలుపు మూసి, దాని వెనక అంచుకీ బాడీకీ మధ్య సందు చూడు. కింద వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ ఇరుకైతే నడుము వంగిందన్నమాట. తర్వాత సిల్ దగ్గరున్న జాకింగ్ పాయింట్ మీద ఒక పక్క లేపమను. లేపాక ఆ పక్క తలుపు తెరిచి మూసి చూడు. పట్టేస్తే ఇక బేరం ఆడక్కర్లేదు, వచ్చేయ్. అమ్మేవాడు అక్కడ జాక్ పెట్టనివ్వకపోయినా అంతే.

రిపేరు చేసిన సిల్ ఇంకా ప్రమాదం. బయటి సిల్ ముందు మడ్‌గార్డ్ లోపలికి కూడా పోతుంది. సరిగ్గా చేయాలంటే మడ్‌గార్డ్ బోల్టులు విప్పి తీయాలి, తలుపు ఖాళీలో అడ్డంగా ఇనప కడ్డీ వెల్డ్ చేసి బాడీని బిగించాలి, అప్పుడు పాత రేకు కోయాలి. చాలామంది ఇదంతా మానేసి, కనపడినంత మేర కొత్త రేకు పాతదాని మీదే అతికించి పెయింటు కొడతారు. ముందు చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమితే అతుకు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఫ్రిజ్ మీద పెట్టే పల్చటి అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లు. అది పట్టుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది.

ఇంకొన్ని చోట్లు: సీట్ల వెనక బ్యాటరీ పెట్టెలు, వెనక పట్టీ స్ప్రింగుల ముందు కొస బాడీకి తగులుకునే చోటు (ఇక్కడ తుప్పుంటే ఖర్చు, ప్రమాదం రెండూ), తలుపు మీద చిన్న అద్దం కింద మూలలో పగులు. పెట్రోలు ట్యాంకు పైనుంచి తుప్పు పడుతుంది, ట్యాంకుకీ డిక్కీ నేలకీ మధ్య మట్టి చేరి తడి నిలుస్తుంది కాబట్టి. కింద నుంచి చూస్తే బాగానే కనపడుతుంది, మోసపోకు.

థేమ్స్‌గట్టు:
ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్ కాకా. మరి ఇంజన్?

స్పానర్13:
ఇంజన్ గురించి బెంగ వద్దు బ్రదర్. 1798 సీసీ బీ-సిరీస్, కాస్ట్ ఐరన్ దుక్క. విడిభాగాలన్నీ దొరుకుతాయి, రీబిల్డ్ చేసేవాళ్లూ దొరుకుతారు. బాగా వేడెక్కాక, రోడ్డు మీద పోతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 50 నుంచి 80 పీఎస్ఐ మధ్య ఉండాలి. ఐడిల్‌లో 15-20కి పడిపోయినా కంగారు పడొద్దు.

సైలెన్సర్‌లోంచి నీలం పొగ ఎప్పుడొస్తుందో చూడండి. యాక్సిలరేటర్ వదిలేసి, కాసేపాగి మళ్లీ తొక్కినప్పుడు ఒక్క గుప్పు వస్తే వాల్వ్ గైడ్లు అరిగినట్టు. లాగుతున్నంతసేపూ వస్తే పిస్టన్ రింగులు.

అడగాల్సిన అసలు ప్రశ్న: హెడ్‌లో (ఇంజన్ పైభాగం) గట్టిపరిచిన వాల్వ్ సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే చోట్లు) వేయించారా? బ్రిటన్‌లో సీసం కలిపిన పెట్రోలు 1999 చివరికి బంకుల్లోంచి పోయింది. పాత సీట్లతో సీసం లేని పెట్రోలు మీద మోటర్‌వే వేగంతో రోజూ తిప్పితే ఎగ్జాస్ట్ వాల్వులు సీట్లోకి దిగబడతాయి. ట్యాపెట్ గ్యాపు (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళాలు. సరిచేసిన వెయ్యి మైళ్లకే ఎగ్జాస్ట్‌వి మళ్లీ బిగుసుకుపోతుంటే అదే జబ్బు. బిల్లు చూపించమనండి, నోటిమాట చాలదు.

మిడ్‌లాండ్స్_మావయ్య:
స్పానర్ చెప్పనిది క్లచ్. ఈ బండికి క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజన్ బయటికి తీయాలి. ప్లేటు ధర ఎంతో కాదు, కూలీయే మోత. పైగా దీని రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసేది) బాల్ బేరింగ్ కాదు, కార్బన్ ముక్క. పెడల్ తొక్కి ఉంచినంతసేపూ అరుగుతూనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర మొదటి గేరులో క్లచ్ తొక్కి నిలబడే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. ఈ బండెక్కేముందు అది మానుకోవాలి. న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్.

ఓవర్‌డ్రైవ్ లేకుండా ఎమ్4 మీద రోజూ వద్దు అల్లుడూ. నాలుగో గేరులో వెయ్యి ఆర్‌పీఎమ్‌కి దాదాపు 18 మైళ్ల వేగం. అంటే 70 దగ్గర 3,900. ఓవర్‌డ్రైవ్ వేస్తే 3,200కి దిగుతుంది. టాప్ మూసిన బండిలో ఆ 700 తేడా చెవులకి బాగా తెలుస్తుంది.

టెస్ట్ డ్రైవ్‌లో 50 మైళ్ల దగ్గర, నాలుగో గేరులో, కాస్త యాక్సిలరేటర్ మీద కాలుంచి స్విచ్ వేయి. ఒక్క సెకనులో పట్టుకోవాలి. ముందోసారి, ఇరవై నిమిషాలు తిరిగి గేర్‌బాక్స్ వేడెక్కాక ఇంకోసారి. పట్టుకోకపోతే వెంటనే యూనిట్ పోయిందనుకోకు. ఎక్కువసార్లు వైరు తెగడమో, గేర్‌బాక్స్ మీది ఇన్హిబిటర్ స్విచ్ (వేరే గేర్లలో ఓవర్‌డ్రైవ్ పడకుండా ఆపేది) పోవడమో, ఆయిల్ తగ్గడమో అవుతుంది. 1978 బండిలో నాలుగో గేరులో మాత్రమే పనిచేస్తుంది, స్విచ్ గేరు నాబ్ మీద ఉంటుంది. మూడులో రావట్లేదని ధర తగ్గించమంటే నవ్విపోతారు. గేర్‌బాక్స్‌కీ ఓవర్‌డ్రైవ్‌కీ ఆయిల్ ఒకటే, 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిలే. గేర్ ఆయిల్ పోయకు.

క్రోమ్_కుర్రోడు:
అందరూ కలిసి రబ్బర్ బంపర్‌ని అంటగట్టేస్తున్నారు! 1974 చివర్లో అమెరికా రూల్స్ కోసం ఆ నల్ల మూతి తగిలించి, బండిని అంగుళంన్నర ఎత్తు లేపారు. మలుపుల్లో ఊగుతుంది. క్రోమ్ బండి అందం వేరు, రేపు అమ్మినా ధర నిలుస్తుంది.

కార్బురేటర్_కాకా:
అందం కాదనం బాబూ, అతనడిగింది రోజువారీ బండి. 1975, 76 బళ్ల సంగతి నువ్వు చెప్పినట్టే, ముందు యాంటీ-రోల్ బార్ (మలుపుల్లో ఊగకుండా ఆపే కడ్డీ) కూడా తీసేశారు. 1977 మోడల్ నుంచి ముందూ వెనకా రెండూ పెట్టారు, రేడియేటర్‌కి కరెంటు ఫ్యాన్ వచ్చింది. ఎత్తు నచ్చకపోతే తగ్గించే స్ప్రింగుల కిట్ దొరుకుతుంది.

ఇప్పుడు 1967 బండి చూడు. ఆ ఏడాది చివరి దాకా వచ్చినవాటికి బ్యాటరీ ఛార్జ్ చేయడానికి ఆల్టర్నేటర్ లేదు, పాతరకం డైనమో. దానిచ్చేది 22 ఆంపియర్లు. డిసెంబరు సాయంత్రం వానలో హెడ్‌లైట్లు, వైపర్లు, హీటర్ ఫ్యాను మూడూ వేసి ట్రాఫిక్‌లో నిలబడితే బ్యాటరీ ఖాళీ అవడం మొదలవుతుంది. పైగా పాజిటివ్ ఎర్త్: బాడీకి ప్లస్ తగిలించి ఉంటుంది. ఇప్పటి ఫోన్ ఛార్జరో, స్టీరియోనో ఆలోచించకుండా బిగిస్తే కాలిపోతుంది. మొదటి గేరుకి సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగితే తప్ప వేయకూడదు. ఇవన్నీ మార్చుకోవచ్చు, కానీ మార్చే ఖర్చు కలిపి ధర చూసుకోవాలి.

వైర్ చక్రాలకి ఒక పరీక్ష. చక్రం లేపి, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రాన్ని ముందుకీ వెనక్కీ కదపాలి. టక్కుమంటే హబ్ పళ్లు అరిగాయి. చక్రం, హబ్ రెండూ మార్చాల్సిందే. చక్రం మధ్యలోని నట్టు ఊడదీయాలంటే ఏ వైపు చక్రమైనా నట్టు పైభాగం కారు ముందువైపుకి తిరిగేలా కొట్టాలి. రాగి సుత్తితో, మామూలు సుత్తితో కాదు.

కాగితాల_పద్మ:
డాక్యుమెంట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. 40 ఏళ్లు దాటిన బళ్లకి రోడ్డు ట్యాక్స్ సున్నా, కానీ దానంతటదే రాదు. వీ5సీలో (బ్రిటన్ రిజిస్ట్రేషన్ పత్రం) ట్యాక్స్ క్లాస్ 'హిస్టారిక్' అని ఉందో లేదో చూడండి, లేకపోతే డీవీఎల్ఏకి (వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ) దరఖాస్తు చేసి మార్పించుకోవాలి. ఆ క్లాస్‌లో ఉంటే లండన్ యూలెజ్ (కాలుష్యం ఎక్కువున్న బళ్ల మీద వేసే) ఛార్జీ కూడా ఉండదు. 2018 మే 20 నుంచి 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బళ్లకి ఎమ్ఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) తప్పనిసరి కాదు. అలాగని మానేయకండి. రోజూ తిప్పే బండిని ఏడాదికోసారి వేరేవాళ్ల కళ్లతో చూపించుకోవడం మంచిది. కొనేటప్పుడు పాత ఎమ్ఓటీ చరిత్ర ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. 'సిల్ తుప్పు' అని ఎన్నిసార్లు వచ్చిందో, మైళ్లు ఏటా ఎంత పెరిగాయో అందులోనే ఉంటుంది.

క్లాసిక్ ఇన్సూరెన్స్ చౌక అని అందరూ చెబుతారు. ఆ చౌక పాలసీల్లో చాలావాటికి ఏడాదికి ఇన్ని మైళ్లని పరిమితి ఉంటుంది, ఆఫీసుకి వెళ్లి రావడం కవర్ కాదు, ఇంట్లో ఇంకో కారు ఉండాలంటారు. మీకు రోజుకి 40 మైళ్లంటే ఏడాదికి తొమ్మిది, పది వేలు. ఫోన్ చేసి 'కమ్యూటింగ్ కలిపి, ఇన్ని మైళ్లకి, రాత్రి రోడ్డు మీద పార్కింగ్' అని మూడు మాటలూ చెప్పి కోట్ అడగండి. విలువ ముందే ఒప్పుకుని రాయించుకోండి, లేకపోతే ప్రమాదం జరిగితే పాత కారు ధర కట్టి చేతులు దులుపుకుంటారు.

కూకట్‌పల్లి_క్లచ్:
ఇలాంటిది హైదరాబాద్‌లో రోజూ తిప్పొచ్చా అండీ?

కాగితాల_పద్మ:
50 ఏళ్లు దాటినదాన్ని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయిస్తే నంబరులో 'వీఏ' వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయల ఫీజు. ఆ నంబరుతో రోజువారీ తిప్పడానికి అనుమతి లేదు, ప్రదర్శనలూ ర్యాలీల వంటివాటికే.

వానలో_టాప్‌లెస్:
గ్యారేజీ లేదన్నారు కదా థేమ్స్‌గట్టు గారూ, అసలు శత్రువు వాన కాదు, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు. అక్టోబరులోనే సిల్స్ లోపలికి, తలుపుల లోపలికి, మడ్‌గార్డుల వెనక్కి క్యావిటీ వ్యాక్స్ పిచికారీ చేయించండి. పొడవాటి గొట్టం తగిలించిన డబ్బా అయితేనే లోపలి దాకా పోతుంది. ముందు తలుపుల కింద, సిల్స్ కింద ఉన్న నీటి చిల్లులు సన్నటి తీగతో శుభ్రం చేయాలి. వ్యాక్స్‌తో అవే మూసుకుపోతే చేసిందంతా వృథా. ఉప్పు చల్లే నెలల్లో రెండు వారాలకోసారి మామూలు నీళ్లగొట్టంతో చక్రాల గూళ్లు కడగాలి.

టాప్ తడిగా ఉంటే మడవొద్దు, బూజు పడుతుంది. బాగా చలిగా ఉన్నప్పుడు కూడా మడవొద్దు, వెనకున్న ప్లాస్టిక్ కిటికీ ఫెళ్లున పగులుతుంది. టోనో కవర్ (టాప్ తీసినప్పుడు సీట్ల మీద కప్పే జిప్పు గుడ్డ) ఉందేమో అడగండి. పొడిగా ఉన్న చలిరోజున టాప్ తీసి, టోనో జిప్పు డ్రైవర్ వైపు మాత్రమే తెరిచి, హీటర్ పెట్టుకుని వెళ్తే కాళ్లకి వేడి నిలుస్తుంది. ఇది నిజంగా బాగుంటుంది, నమ్మండి.

రోడ్డు మీద పెట్టే బండి కాబట్టి పెట్రోలు పంపుకి దొంగచాటు స్విచ్ ఒకటి పెట్టించండి. లోపల ఏ వస్తువూ వదలొద్దు. పది పౌండ్ల సంచీ కోసం వందల పౌండ్ల టాప్ కోసేస్తారు.

స్పానర్13:
దారిలో ఆగిపోయే కారణాలు ఇంజన్‌వి కావు, పది పౌండ్ల భాగాలవి. కొత్తగా తయారవుతున్న రోటార్ ఆర్ములు, కండెన్సర్లు (రెండూ స్పార్కు ఇచ్చే ఇగ్నిషన్ భాగాలు) కొన్ని నాసిరకం. రోటార్‌లో రివెట్ ఉంటే అక్కడినుంచి స్పార్కు షాఫ్ట్‌కి దూకి బండి ఉన్నట్టుండి చచ్చిపోతుంది. రివెట్ లేని ఎర్ర రోటార్ వేయండి. ప్లగ్ గ్యాపు 0.025 అంగుళాలు, పాయింట్ల (స్పార్కు కోసం కరెంటు తెంచే కాంటాక్టులు) గ్యాపు 0.015.

క్రోమ్_కుర్రోడు:
పాయింట్లు ఎందుకన్నా ఈ రోజుల్లో, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసేస్తే పోలా?

స్పానర్13:
వేయొచ్చు, రోజువారీ బండికి మంచిదే. కానీ పాయింట్లు నెమ్మదిగా చెడతాయి, ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఒక్కసారిగా పోతుంది. కొన్ని రకాలైతే ఇంజన్ ఆపి కీ ఆన్‌లో వదిలేస్తేనే కాలిపోతాయి. కాబట్టి గ్యాపు సరిచేసిన పాత పాయింట్ల ప్లేటు, కండెన్సర్ డిక్కీలో ఉంచుకో. వాటితోపాటు ఫ్యాన్ బెల్టు, రోటార్, 35 ఆంపియర్ ఫ్యూజులు నాలుగు, రేడియేటర్ పై గొట్టం. కీ తిప్పగానే వెనకనుంచి టిక్ టిక్ అని పెట్రోలు పంపు వినపడాలి. వినపడకపోతే పంపు మీద స్పానర్‌తో ఒక్కటి తట్టు, ఇంటికి చేరుస్తుంది. అలా తట్టాల్సి వచ్చిందంటే పంపులోని పాయింట్లు అరిగాయి, ఆ వారమే మార్చు.

పెట్రోలు ఈ5 (5 శాతం దాకా ఇథనాల్) మాత్రమే, అంటే సూపర్ అన్‌లెడెడ్. మామూలు బంకు పెట్రోలు 2021 నుంచి ఈ10 (10 శాతం దాకా). అందులోని ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలని మెత్తబరుస్తుంది. కొన్న వారంలోనే గొట్టాలన్నీ తీసి ఇథనాల్‌ని తట్టుకునే ఆర్9 రకం వేయించడం ఉత్తమం. వేడి ఎగ్జాస్ట్ పక్కనే కార్బురేటర్లు, అక్కడ పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మిడ్‌లాండ్స్_మావయ్య:
సర్వీసు 3,000 మైళ్లకోసారి. నీ లెక్కన ఏడాదికి మూడుసార్లు. జింక్ ఎక్కువున్న 20డబ్ల్యూ-50 ఆయిల్, ఫిల్టర్‌తో కలిపి నాలుగు లీటర్ల పైచిలుకు. కింగ్‌పిన్నులకి (ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఆధారమైన ఇరుసులు) ఒక్కో వైపు మూడు గ్రీజు నిపుల్స్ ఉంటాయి. చక్రాలు నేలకి ఆనకుండా లేపి, పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి. ఆనించి కొడితే బరువు పడ్డ వైపుకి గ్రీజు పోదు. ఇది మానేసినవాళ్లే 'ఎమ్‌జీబీ స్టీరింగ్ బరువు' అని తిరుగుతారు.

థేమ్స్‌గట్టు:
అర్థమైంది. 1978ది చూడ్డానికి శనివారం వెళ్తున్నా. ఇంకేమైనా?

కార్బురేటర్_కాకా:
ముందే ఫోన్ చేసి 'నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి' అని చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే చల్లని స్టార్టింగ్ బాగోలేదని దాచారన్నమాట, గంటసేపు టీ తాగి మళ్లీ రా. చోక్ పూర్తిగా లాగి తిప్పితే కొద్ది సెకన్లలో అందుకోవాలి. టార్చి, అయస్కాంతం, నేల మీద పడుకోవడానికి ఒక పాత దుప్పటి తీసుకెళ్లు. వానొస్తుంటే వాయిదా వేయి, తడి పెయింటు మీద పుట్టీ కనపడదు.