ఎస్3లో ఫోటో పడగానే లాంబ్డా: పెళ్లి ఆల్బమ్‌ల యాప్‌కి పనికొస్తుందా?

బెజవాడ_దేవ్:
ఫోటో స్టూడియోల కోసం యాప్ చేస్తున్నానండి, స్టూడియో వాళ్లు పెళ్లి ఫోటోలు ఎస్3లో (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) అప్‌లోడ్ చేస్తారు, పడిన ప్రతి ఫోటోకి చిన్న సైజు కాపీ తయారవ్వాలి, ఆల్బమ్ మొత్తం అయ్యాక పెళ్లివాళ్లకి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ముహూర్తాలున్న వారం వేల ఫోటోలు ఒకేసారి వచ్చిపడతాయి, ఆషాఢంలో అసలేం ఉండవు. ఈసీ2 (అమెజాన్ అద్దె సర్వర్) ఒకటి ఎప్పుడూ ఆన్‌లో పెట్టుకోవాలా, లాంబ్డాకి (పని వచ్చినప్పుడే మన కోడ్‌ని నడిపే అమెజాన్ సర్వీస్) వెళ్లొచ్చా?

పైథాన్_పంతులు:
ఇలాంటి లోడుకే లాంబ్డా. ఆషాఢంలో కంప్యూట్ బిల్లు దాదాపు సున్నా, స్టోరేజీకి మాత్రం కట్టాలి. నెలకి 10 లక్షల రిక్వెస్టులు, 4 లక్షల జీబీ-సెకన్లు (పెట్టిన మెమరీ జీబీల్లో × నడిచిన సెకన్లు) ఫ్రీ, ఆపైన మిల్లీసెకన్ల లెక్క. మెమరీని మాత్రం డిఫాల్ట్ 128 ఎంబీ దగ్గర వదిలేయొద్దు, మెమరీ పెంచితేనే సీపీయూ పెరుగుతుంది, 1769 ఎంబీ పెడితే ఒక పూర్తి వీసీపీయూ (వర్చువల్ సీపీయూ) వస్తుంది, రీసైజ్ తొందరగా అయిపోతుంది కాబట్టి బిల్లు భయపడినంత పెరగదు. చిన్న కాపీలు వేరే బకెట్‌లో (ఎస్3లో ఫైళ్లు పెట్టే డబ్బా లాంటిది) రాయండి, అదే బకెట్‌లో రాస్తే ఆ కాపీకి కూడా ఈవెంట్ (కొత్త ఫైల్ పడిందనే కబురు) లేచి మళ్లీ లాంబ్డా నడుస్తుంది, అలా లూప్‌లో పడుతుంది.

గోదారిగట్టు:
బ్రో, అసలు జాగ్రత్త ఎస్సెమ్మెస్ దగ్గర. ఎస్3 ఈవెంట్ కనీసం ఒకసారి వస్తుందనే గ్యారంటీ, ఒక్కసారే వస్తుందని కాదు. పైగా ఫంక్షన్ (లాంబ్డాలో నడిచే మన కోడ్) ఫెయిలైతే లాంబ్డా అదే ఈవెంట్‌తో ఇంకో రెండుసార్లు ట్రై చేస్తుంది. అందుకని "ఎన్ని ఫోటోలు అయ్యాయి" అని కౌంటర్ పెట్టి ఒకటి ఒకటి కలుపుకుంటూ పోతే లెక్క తప్పుతుంది, 800 ఫోటోల ఆల్బమ్‌లో 799 అవగానే 800 అని చూపించి మెసేజ్ ముందే వెళ్లిపోతుంది. డైనమోడీబీలో (అమెజాన్ డేటాబేస్) ఫోటో పేరే కీగా ఒక్కో ఫోటోకి ఒక్కో రికార్డు రాయండి, అదే ఈవెంట్ ఎన్నిసార్లు వచ్చినా రికార్డు ఒక్కటే ఉంటుంది, ఆల్బమ్‌కి ఎన్ని రికార్డులు ఉన్నాయో చూసి మొత్తం సరిపోయాకే పంపండి. చివరి రెండు ఫోటోలు ఒకేసారి పూర్తయితే రెండు ఫంక్షన్లూ మొత్తం అయిందనే అనుకుంటాయి, అందుకే "మెసేజ్ పంపేది నేనే" అని ఆల్బమ్ మీద కండిషనల్ రైట్‌తో (ఆ గుర్తు అప్పటికే లేకపోతేనే రాసే పద్ధతి) గుర్తు పెట్టాలి.

బెజవాడ_దేవ్:
థాంక్స్ అన్నా. గుర్తు పెట్టాక, మెసేజ్ పంపేలోపు ఫంక్షన్ క్రాష్ అయితే?

గోదారిగట్టు:
అప్పుడు మెసేజ్ వెళ్లదు. అందుకే గుర్తుకి టైమ్ కూడా కలిపి రాయండి, "పంపేశాం" అని రెండో గుర్తు పడకుండా పది నిమిషాలు దాటితే ఇంకో ఫంక్షన్ దాన్ని తీసుకుని పంపాలి, ఆ ఫంక్షన్‌ని షెడ్యూల్ పెట్టి నడిపించండి. ఎప్పుడైనా రెండు మెసేజ్‌లు వెళ్లొచ్చు, పర్లేదు, అసలు వెళ్లకపోవడం కన్నా నయం.

ఓరుగల్లు_కోడర్:
ఇంకోటి. మన స్టూడియోల వాళ్లు ఫైల్ పేర్లు తెలుగులో పెడతారు, మధ్యలో స్పేస్ కూడా. ఈవెంట్‌లో ఆ పేరు యూఆర్ఎల్ ఎన్‌కోడ్ అయి వస్తుంది, "లక్ష్మి పెళ్లి" అన్నది పర్సెంట్ గుర్తులుగా, స్పేస్ ప్లస్‌గా మారిపోతుంది, ఆ మారిన పేరుతోనే ఎస్3ని అడిగితే ఫైల్ లేదంటుంది. పైథాన్‌లో అన్‌కోట్_ప్లస్ (unquote_plus) వేసి అసలు పేరు తీసుకోండి.