అజీర్తి, ఐబీఎస్ బాధలకు వాము, ఇంగువ, ఇసబ్గోల్ ఎవరికి ఎలా పనిచేశాయి?

మంజీర తీరం:
మూడేళ్లుగా భోజనం చేసిన అరగంటకే పొట్ట ఉబ్బడం, బొడ్డు కింద మెలిపెట్టినట్లు నొప్పి రావడం, విరేచనానికి వెళ్లి వస్తే గాని ఆ నొప్పి సర్దుకోకపోవడం నాకు నిత్యకృత్యమైపోయింది. థైరాయిడ్, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు), కొలనోస్కోపీ పరీక్షలన్నీ సవ్యంగానే ఉండడంతో ఇది ఐబీఎస్ (పరీక్షల్లో లోపమేమీ కనబడకపోయినా పేగు పనితీరు చెడి వచ్చే బాధ) అని, అందులోనూ విరేచనాలు ఎక్కువయ్యే రకమని డాక్టరుగారు తేల్చారు. మా అత్తగారి సలహా మీద రెండు పూటలా భోజనమయ్యాక అరచెంచా వాము, చిటికెడు ఉప్పు కలిపి నమిలి, గోరువెచ్చని నీళ్లు తాగుతున్నాను. ఉబ్బరం తగ్గిన మాట నిజమే గాని విరేచనాల్లో మార్పు లేదు. పైగా రాత్రి వేసుకున్న రోజున గుండెల్లో మంట మొదలవుతోంది. వాడి చూసినవారు ఏ మూలిక, ఎంత, ఎన్నాళ్లు వాడారో, ఏ బాధకు గుణమిచ్చిందో వివరంగా రాయగలరు.

కోనసీమ కొబ్బరితోట:
మంజీర తీరం గారూ, మీకున్నవి రెండు వేర్వేరు బాధలని నాకు తోస్తోంది. వాము పొట్టలో బరువుకు, వాయువుకు ఉపకరిస్తుంది. పేగు మెలిపెట్టే నొప్పిని దానితోనే తగ్గించాలంటే కుదరదు. నేను ఆయుర్వేద వైద్యులు రాసిచ్చిన హింగ్వాష్టక చూర్ణాన్ని నలభై రోజులు వాడాను. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, సైంధవ లవణం, జీలకర్ర, నల్లజీలకర్ర, ఇంగువ కలిపి చేసే ఈ చూర్ణాన్ని మొదటి ముద్దలో నేతితో కలుపుకొని తినమన్నారు. మధ్యాహ్నం తిన్నది అరగక రాత్రికి ఆకలి వేయకపోవడమనే బాధ వారం రోజుల్లో తీరింది. మలబద్ధకం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంగువ సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లోని ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలు పెద్దపేగులో పులిసి వాయువును పుట్టిస్తాయి గనుక, ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పథ్యంలో (పేగులో ఇలా పులిసే పదార్థాలను తగ్గించే పథ్యం) వాటిని కొన్ని వారాల పాటు మాన్పిస్తారు. ఆ రుచి లోటు తీరడానికి నేను తాలింపులో ఇంగువ పెంచాను. ఒకరోజు డబ్బాను కిటికీ వెలుతురులో తిప్పి చూస్తే, వెనుకవైపు సన్నని అక్షరాల పట్టీలో మొదటి పేరు గోధుమ పిండి, తరువాతది తుమ్మబంక, అన్నిటికన్నా చివర ఇంగువ. నేను మానేసిన గోధుమే తాలింపులో పడుతోందని అప్పుడు తెలిసింది.

పెరటి మొక్క:
సీలియాక్ ఉన్నవారు ఆ పట్టీని తప్పక చదవాలి. ఐబీఎస్ మాత్రమే ఉన్నవారికి చిటికెడు ఇంగువలో ఉండే పిండి వలన సాధారణంగా ఇబ్బంది రాదు కనుక, దానికి భయపడి తాలింపును వదులుకోనక్కరలేదు.

మెలిపెట్టే నొప్పికి నాకు గుణమిచ్చింది పిప్పరమెంటు నూనె. అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన ఐబీఎస్ మార్గదర్శకాల్లో ఈ నూనెనూ, ఇసబ్గోల్ వంటి కరిగే పీచునూ సూచించింది. ఇందులోని మెంథాల్ పేగు కండరాల్లోకి కాల్షియం వెళ్లడాన్ని తగ్గించి, పట్టేసిన కండరాన్ని వదులు చేస్తుంది. అయితే మన పెరటి పుదీనా వేరు, పిప్పరమెంటు వేరు. పుదీనాలో మెంథాల్ బహు స్వల్పం కాబట్టి, పచ్చడి ఎంత తిన్నా ఈ ఫలితం రాదు. ఈ తేడా తెలియక నేను ఏడాది పాటు పుదీనా కషాయం కాచుకున్నాను. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. అన్నవాహిక అడుగున ఉండే కండరాన్ని కూడా మెంథాల్ వదులు చేస్తుంది గనుక, గుండెల్లో మంట ఉన్నవారు కడుపులో కరగకుండా పేగులో కరిగే పూత ఉన్న గొట్టాలను (క్యాప్సూళ్లను) మాత్రమే, అదీ డాక్టరును అడిగి, నమలకుండా మింగాలి.

ఓరుగల్లు పాఠకుడు:
నాది మలబద్ధకం రకం. రెండేళ్లు రోజూ రాత్రి సునాముఖి (విరేచనం చేయించే ఆకు) కలిసిన చూర్ణం వాడాను. ఉదయానికి విరేచనమయ్యేది గాని, తెల్లవారుజామున పేగులు పిండినట్లు నొప్పి వచ్చేది. ఐబీఎస్ అనుకున్న నొప్పిలో సగం ఆ చూర్ణం తెచ్చిపెట్టినదేనని మానిన తరువాత అర్థమైంది. ఇప్పుడు ఇసబ్గోల్ పొట్టు వాడుతున్నాను. ఒక్కసారిగా రెండు చెంచాలు వేసుకుంటే మొదటి వారం పొట్ట డోలు అవుతుంది. అరచెంచాతో మొదలుపెట్టి, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగి, వారానికి అరచెంచా చొప్పున పెంచాను. నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది కనుక ఇది పలుచని విరేచనాన్ని కూడా గట్టిపరుస్తుంది. మంజీర తీరం గారికి కూడా పనికిరావచ్చు. థైరాయిడ్ మాత్ర వంటివి వేసుకునేవారు రెండింటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలి. గోధుమ తవుడు మాత్రం నాకు ఉబ్బరాన్ని పెంచింది.

శొంఠి కషాయం:
అతిమధురం రోజుల తరబడి వాడితే రక్తపోటు పెరిగి పొటాషియం పడిపోతుంది. మా నాన్నగారికి అలాగే జరిగింది. రక్తం పలుచబడే మందులు వాడేవారు శొంఠిని మందు మోతాదులో తీసుకునే ముందు డాక్టరుతో చెప్పాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలో లేపేసే విరేచనాలు ఉంటే ఏ మూలికా వెతకకుండా ముందు పరీక్షలకు వెళ్లండి.

మంజీర తీరం:
ఆరు వారాలయింది. రాత్రి పూట వాము మానేశాక మంట పోయింది. మధ్యాహ్నం మాత్రం కొనసాగిస్తున్నాను. డాక్టరుగారి అనుమతితో పిప్పరమెంటు గొట్టాన్ని భోజనానికి అరగంట ముందు వేసుకుంటున్నాను. వారానికి ఐదు రోజులు వచ్చే నొప్పి ఇప్పుడు రెండు రోజులే వస్తోంది. ఇసబ్గోల్ మొదలుపెట్టి పది రోజులే అయింది కనుక దాని గుణమేమిటో నెల గడిచాక రాస్తాను.