"చిత్తగించుము నేనున్నాను": యెషయా 6:8లో ఆ మొదటి మాట

ప్రశ్న: దేవుని సేవకు సమర్పించుకున్నవాళ్ళు సాక్ష్యం చెప్పేటప్పుడు బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం నుంచి తరచుగా ఎత్తే వచనం ఇది. "చిత్తగించుము నేనున్నాను నన్ను పంపుము." ఈ చిత్తగించుముకి ఒకరు "నన్ను అంగీకరించు" అని అర్థం చెప్పారు, ఇంకొకరు "నీ చిత్తప్రకారం కానివ్వు" అన్నారు. ఏది సరైనదండీ?

జవాబు: రెండూ కావండీ. చిత్తగించు అంటే మనసు పెట్టి విను, దయచేసి గమనించు అని. పెద్దవాళ్ళతోనే అనే మాట. వెనకటి ఉత్తరాల్లో "చిత్తగించవలెను" అని రాసేవారు చూడండి, అదే ఇది. పురాణం చెప్పేవాడు రాజుతో "అవధరింపుము" అంటాడే, దానికి చుట్టం.

హీబ్రూ మూలంలో ఉన్నది ఒకే ఒక్క మాట, హిన్నేనీ. "ఇదిగో నేను" అని. పిలిచినప్పుడు పలికే మాట. మన గ్రాంథిక బైబిలు దీన్ని అన్నిచోట్లా ఒకేలా తెలుగు చెయ్యలేదు. అసలు రుచంతా అక్కడే ఉంది. ఆదికాండము 22:1లో దేవుడు "అబ్రాహామా" అని పిలిస్తే అతను "చిత్తము ప్రభువా" అంటాడు. నిర్గమకాండము 3:4లో మండుతున్న పొద దగ్గర మోషే అన్నదీ అదే. బాలుడైన సమూయేలు, పిలిచింది తన గురువైన యాజకుడు ఏలీ అనుకుని, "చిత్తమండి నేనున్నాను" అంటూ పరిగెత్తుతాడు. ఆ "అండి" ఎంత బాగుందో! దేవుడికి ప్రభువా, గురువుగారికి అండి.

ఇక యెషయా దగ్గరికి రండి. అక్కడ అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. "నేను ఎవని పంపెదను? మా నిమిత్తము ఎవడు పోవును?" అని ప్రభువు అనడం అతని చెవిన పడింది, అంతే. పిలవనప్పుడు "చిత్తము" అని పలకడం కుదరదు కదా. అందుకే "చిత్తగించుము", ఇటు చూడండి, నేనొకణ్ణి ఉన్నాను, అని తనంతట తానే ముందుకొచ్చాడు. అనువాదకులు ఇంత లెక్క వేసుకునే రాశారో లేదో గానీ, తెలుగులో మాత్రం అలా కుదిరింది.

మరొకరు: హిన్నేనీలో ఉన్నది "ఇదిగో" అయితే "ఇదిగో నేనున్నాను" అనొచ్చుగా? లూకా 1:38లో మరియమ్మ "ఇదిగో ప్రభువు దాసురాలను" అంటుంది.

జవాబు: ఆవిడ ఎదురుగా ఉన్నది దూత. యెషయా ఎదుట ఉన్నది సింహాసనం మీద ప్రభువు. అక్కడ "ఇదిగో" అంటే మన చెవికి మొరటుగా ఉంటుంది. యిర్మీయా 1:6 కూడా చూడండి: "చిత్తగించుము నేను బాలుడనే." ఇక్కడా ప్రభువుతోనే మాట. ఒకడు ఆ మాటతో ముందుకొస్తున్నాడు, ఇంకొకడు అదే మాటతో వెనక్కి జంకుతున్నాడు. కాబట్టి అందులో ఒప్పుకోలు లేదు, మనవి మాత్రమే ఉంది. ఒప్పుకోలంతా "నన్ను పంపుము"లో ఉంది.

ప్రశ్న అడిగినవారు: మరి "చిత్తము ప్రభువా"లో ఒప్పుకోలు ఉన్నట్టేనా? "నీ చిత్తము నెరవేరును గాక"లో చిత్తమే కదా ఇది?

జవాబు: మాట అదేనమ్మా. తమ చిత్తం ఎలా ఉంటే అలా, అన్నదాన్ని పొట్టి చేసి "చిత్తం" అంటారు. కాకపోతే వాడుకలో అది పలకడం వరకే, మాట ఇచ్చినట్టు కాదు. మోషేనే చూడండి, పొద దగ్గర "చిత్తము ప్రభువా" అన్నవాడు నాలుగో అధ్యాయానికల్లా "నోటి మాంద్యము నాలుక మాంద్యము" అంటూ తప్పించుకోబోయాడు. సాక్ష్యాల్లో "పిలుపు వచ్చింది, వెంటనే ఒప్పేసుకున్నాను" అని విన్నప్పుడల్లా నాకు మోషే గుర్తొస్తాడు. ఆ మాటకొస్తే యెషయా వచనం ఎత్తేవాళ్ళు కూడా 8 దగ్గరే ఆపేస్తారు. 9వ వచనం నుంచి అప్పజెప్పిన పని, విన్నా గ్రహించని జనానికి చెప్పడం. అది విని అతను అడిగింది "ప్రభువా, ఎన్నాళ్లవరకు?" అని.

ఇంకొకరు: మధ్యలో వస్తున్నా. అదే అధ్యాయం ఆరో వచనంలో "కారుతో తీసిన నిప్పు" అని ఉంది. మా పిల్లలు పగలబడి నవ్వారు.

జవాబు: పట్టకారులోని కారే అది! బలిపీఠం మీది నిప్పుని చేత్తో తియ్యలేరు కదా. పిల్లలకి ఆదికాండము 22:7 కూడా చూపించండి. ఇస్సాకు "నా తండ్రీ" అని పిలిస్తే అబ్రాహాము మూలంలో ఆ హిన్నేనీయే అంటాడు. తెలుగులో మాత్రం తండ్రి కొడుకుతో చిత్తం అనడు కాబట్టి, "ఏమి నా కుమారుడా" అని ఉంటుంది.