టమాటాకు మల్చింగ్ షీట్ వేస్తే ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా?

అనంత రైతుబిడ్డ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర. బోరు కింద రెండెకరాల్లో టమాటా పెట్టాలనుకుంటున్నా. ఎర్ర నేల, డ్రిప్ ఉంది. పోయినసారి నాలుగుసార్లు కలుపు తీయించాను. మూడోసారి కూలీలు దొరక్క పది రోజులు ఆలస్యమైతే చేనంతా గడ్డి కమ్మేసింది. ఏప్రిల్ వచ్చేసరికి బోరు కూడా ఆగి ఆగి పోస్తుంది. ఈసారి బెడ్ల (ఎత్తు చేసిన మట్టి వరసల) మీద పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీట్ వేద్దామంటే నాన్న వద్దంటున్నాడు, అంత డబ్బు ప్లాస్టిక్‌కి ఎందుకని. వేసినవాళ్లు ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మదనపల్లె అక్క

తమ్ముడూ, వేసుకో. మాది మదనపల్లె పక్కన. ఎనిమిదేళ్లుగా షీట్ లేకుండా నేను టమాటా నాటలేదు.

అందరూ కలుపు గురించే చెప్తారు. అది నిజమే, షీట్ కింద వెలుతురు లేక మొలిచిన గడ్డి బతకదు. కానీ నాకు దాని విలువ తెలిసింది నీళ్ల దగ్గర. మొదటి ఏడాది డబ్బు చాలక సగం చేనుకే వేశాం. ఏప్రిల్‌లో ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూస్తే వట్టి బెడ్ల మీద మొక్కలు ఆకులు వాల్చేశాయి. పక్క బెడ్ మీద షీట్ అంచు ఎత్తి చెయ్యి పెట్టాను. పిడికిట్లో పట్టుకుంటే ముద్దయ్యేంత తడి. షీట్ అడుగున చెమట పట్టినట్టు నీటి బొట్లు, అవే మళ్లీ మట్టిలోకి రాలుతున్నాయి. రెండింటికీ అదే బోరు, అదే డ్రిప్. ఆరోజు మా ఆయన్ని పిలిచి చూపించాను, ఆ తర్వాత షీట్ వద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. మీ నాన్నకు కూడా ఇలాగే చూపించు. ముందు ఒక ఎకరాకే వేయి.

తడి ఒక్క తీరుగా ఉంటే కాయ కూడా బాగుంటుంది. ఎండబెట్టి ఒక్కసారిగా నీళ్లు పెడితే కాయ పగులుతుంది, అడుగు నల్లబడి కుళ్లుతుంది. షీట్ వేశాక మాకు ఆ రెండూ బాగా తగ్గాయి. వాన పడ్డప్పుడు మట్టి చింది కింది ఆకుల మీద పడదు కాబట్టి ఆకుమచ్చ కూడా ఆలస్యంగా వస్తుంది. కాయ నేలకు తగలదు. మార్కెట్లో బాక్స్ తెరవగానే కాయ శుభ్రంగా కనపడుతుంది.

ఇంకో మాట. పైన వెండి రంగు, కింద నలుపు ఉన్న షీటే తీసుకో. వెండి రంగు పైకి ఉండాలి. మా మొదటి ఏడాదే కొన్ని బెడ్లకు కూలీలు తిరగేసి నలుపు పైకి వేశారు, నేనూ గమనించలేదు. మార్చి ఎండకు నారు కాండం షీట్‌కి తగిలినచోటల్లా మాడిపోయింది. వారం తర్వాత మళ్లీ నాటుకున్నాం. వెండి రంగు వెలుతురును పైకి కొడుతుంది కాబట్టి తెల్లదోమ, తామర పురుగు మొక్క చిన్నగా ఉన్నప్పుడు తక్కువ వాలతాయి. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది ఆ తెల్లదోమే. మొక్కలు పెరిగి షీట్‌ను కప్పేశాక ఆ లాభం ఉండదు. మందులు పూర్తిగా మానేయొచ్చని మాత్రం అనుకోవద్దు.

పల్నాడు మిర్చి

అక్క చెప్పింది కరెక్ట్. మేం మిర్చికి వేస్తాం. ఒక్క తుంగ గడ్డిని మాత్రం షీట్ ఆపలేదు. దాని మొన సూదిలా షీట్‌ను పొడుచుకుని బయటికి వస్తుంది. నేలలో తుంగ ఉంటే ముందే దున్ని గడ్డలు ఏరించండి.

లెక్క కావాలంటే, బెడ్‌కీ బెడ్‌కీ మధ్య 5 అడుగులైతే ఎకరాకు సుమారు 2,650 మీటర్ల షీట్ పడుతుంది. 4 అడుగుల వెడల్పు, 400 మీటర్ల రోల్ అయితే ఎకరాకు 7, మీ రెండెకరాలకు 14. మందం 25 మైక్రాన్లకు తగ్గొద్దు, 30 అయితే ఇంకా మంచిది. ఉద్యాన మిషన్ కింద ఖర్చులో సగం సబ్సిడీ ఉంది, ఒక్కో రైతుకు 2 హెక్టార్ల వరకు. కొనకముందే రైతు సేవా కేంద్రంలో అడగండి.

అనంత రైతుబిడ్డ

చాలా థాంక్స్ అక్కా, అన్నా. తుంగ ఒక మూలన ఉంది, ముందు దాని పని చూస్తా. పంట అయ్యాక షీట్ తీయడం కష్టమా? నాన్నకు అసలు టెన్షన్ అదే, భూమి పాడవుతుందని.

మదనపల్లె అక్క

మీ నాన్న భయం న్యాయమైనదే. ఒకసారి చౌకగా వస్తుందని పలచటి షీట్ కొన్నాం. తీసేటప్పుడు చేతికి ముక్కలు ముక్కలుగా వచ్చింది. నాలుగేళ్లయినా దున్నినప్పుడల్లా ఆ తునకలు పైకి తేలుతూనే ఉన్నాయి. చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. దున్నకముందే తీయాలి. కర్రలు, డ్రిప్ పైపులు తీసేసి, మొక్కలు కోసేసి, అంచుల మీద మట్టిని పారతో వదులు చేసి, ఇద్దరు మనుషులు చాపలా చుట్టుకుంటూ పోవాలి. మందమైన షీట్ అయితే ఒకే ముక్కగా వస్తుంది. చేలో కాల్చొద్దు, ఆ పొగ మంచిది కాదు.

వేసేముందు రెండు పనులు మర్చిపోకు. మాగిన పశువుల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ అంతా బెడ్‌లోనే కలిపెయ్యి, తర్వాత వేయడానికి చోటుండదు, ఏదైనా వెంచురీతో (ఎరువును డ్రిప్ నీళ్లలోకి లాగే పరికరం) డ్రిప్‌లోనే పంపాలి. డ్రిప్ ఒక గంట వదిలి ప్రతి రంధ్రం నుంచీ చుక్క పడుతోందో లేదో నడిచి చూసుకో, షీట్ కప్పాక ఏది మూసుకుపోయిందో కనపడదు. గాలి లేని పొద్దున పూట బిగుతుగా పరచు. వదులుగా ఉంటే గాలికి కొట్టుకుని నారును విరిచేస్తుంది. నాటడం సాయంత్రం పెట్టుకో. నాటిన వెంటనే షీట్‌కు చేసిన రంధ్రం చుట్టూ పిడికెడు మట్టి వేసి, కాండం షీట్ అంచుకు తగలకుండా చూడు.