హుద్‌హుద్ గాలి 185 కిలోమీటర్లా, 215 కిలోమీటర్లా?

వాల్తేరు వాసి:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. గరిష్ఠ గాలి గంటకు 185 కిలోమీటర్లని మన వాతావరణ శాఖ లెక్క. అమెరికా నౌకాదళ హెచ్చరిక కేంద్రం 215 అంటోంది. ఒకే తుపానుకు ఇంత తేడా ఏమిటి? అసలు నడిసముద్రంలో గాలిని కొలిచేదెవరు?

పాత నావికుడు:
మన శాఖ మూడు నిమిషాల సగటు తీస్తుంది, అమెరికావాళ్లు ఒక్క నిమిషానిది. గాలి విసురువిసురుగా వీస్తుంది కాబట్టి సగటు కాలం పెరిగితే గరిష్ఠ అంకె తగ్గుతుంది. తేడా అంతా దీనివల్లే కాదు, ఎవరి అంచనా వారిదే.

ఇక కొలవడమంటారా, తెలిసి తెలిసి తుపాను నడిమధ్యకు ఓడను నడిపే కెప్టెన్ ఉండడు. నేను సరుకు ఓడల్లో పనిచేశాను. 12 నాట్లతో (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) ఎదురుగాలిలో పోతుంటే 30 నాట్ల గాలిని అనిమోమీటర్, అంటే గాలివేగం కొలిచే పరికరం, ఓడ వేగాన్నీ కలిపి 42గా చూపేది. పైగా అది పైన స్తంభం మీద ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి ఎక్కువ, లెక్కకు తీసుకునే ప్రామాణిక ఎత్తేమో 10 మీటర్లు. అందుకే నీళ్లనూ చూసేవాళ్లం. అలల కొసలు తెగి తుంపరై, నురగ గాలివాటున చారలు చారలుగా సాగితే 34 నాట్లు దాటినట్టే. ఆకాశమంతా నురగ, తుంపర నిండి సముద్రం పూర్తిగా తెల్లబడితే 64 పైమాట. సముద్రం తీరును బట్టి గాలి బలాన్ని అంచనా వేసే బోఫర్ట్ స్కేలు చెప్పేది అదే. పరికరాల మీద నాకు కోపం లేదు కానీ, అంకె చూసి సముద్రాన్ని మరిచిపోయే కుర్ర అధికారుల మీద మాత్రం ఉంది!

వాతావరణ విద్యార్థి:
మరి అంచనా ఎలాగంటే, ఉపగ్రహ చిత్రంలో మబ్బుల చుట్ట తీరు, కన్ను, మబ్బు పైభాగపు చల్లదనం చూసి తుపాను బలాన్ని సూచించే టీ-నంబరు ఇస్తారు. వెర్నన్ డ్వొరాక్ రూపొందించిన పద్ధతి ఇది. టీ 4.0 అంటే దాదాపు 65 నాట్లు. అట్లాంటిక్‌లోనైతే అమెరికా విమానాలు తుపానులోకే వెళ్లి పరికరాలు జారవిడుస్తాయి. బంగాళాఖాతంలో మామూలుగా ఆ వసతి లేదు.

వాల్తేరు వాసి:
అయితే పత్రికల్లో వచ్చే అంకె కొలత కాదన్నమాట?

పాత నావికుడు:
నడిసముద్రంలో చాలావరకు అంచనాయే. హుద్‌హుద్ కేంద్ర పీడనం 950 హెక్టోపాస్కల్స్ అన్నదీ అంతే. 1999 ఒడిశా పెను తుపానుకు మన శాఖ చెప్పిన 260 కిలోమీటర్లను అమెరికా హరికేన్ల పక్కన పెట్టి పోల్చేవాళ్లను ముందు ఒకటే అడగండి బాబూ: ఎన్ని నిమిషాల సగటు?